పటంలో ఉన్న ప్రకారం

ముత్యాలరేవు మున్సిపాలిటీ సర్వేయరు దాలినాయుడికి ఒక మంచి పేరుంది, ఒక చెడ్డ పేరుంది. రెండూ ఒకటే. అతను కొలిస్తే అంగుళం తేడా రాదు. సొంత బావమరిది ప్రహరీగోడ నాలుగంగుళాలు వీధిలోకి వచ్చిందని రిపోర్టు రాసి, ఏడాది పాటు అత్తారింట్లో మంచినీళ్లు కూడా పుట్టకుండా చేసుకున్న మనిషి.

అలాంటివాణ్ణి ఆషాఢంలో ఒక సోమవారం పొద్దున్న హేమసుందరంగారు పిలిపించారు. హేమసుందరంగారంటే వారసత్వ తీర పునరుద్ధరణ సంస్థకి ప్రత్యేకాధికారి. ఆ సంస్థ పుట్టి అప్పటికి పదకొండు రోజులైంది. గోడకి వేలాడుతున్న ఒక పటం వైపు చెయ్యి చూపించి, "కొలవండి," అన్నారు.

దాలినాయుడు టేపు తీసి కొలిచాడు. "వెడల్పు నాలుగడుగుల రెండంగుళాలు. ఎత్తు రెండడుగుల ఏడు. ఫ్రేము కలపలేదు సార్."

"పటాన్ని కాదయ్యా. పటంలో ఉన్న ఊరిని."

ఆ పటం కథ ఏమిటంటే, సుమారు రెండువందల యాభై ఏళ్ల కిందట డచ్చివాళ్ల ఓడలో ముత్యాలరేవుకి ఒక చిత్రకారుడు వచ్చాడు. కొన్నాళ్లుండి, రేవుకి ఎదురుగా ఎక్కడో నిలబడి, సముద్రపు ఒడ్డునంతా రంగుల్లో గీసుకుని వెళ్లిపోయాడు. ఆ బొమ్మ వాళ్ల దేశంలో ఒక మ్యూజియంలో వేలాడుతూ ఉంది. మురుగుకాలవల నిర్వహణ చూసి రమ్మని సర్కారు పంపగా వెళ్లిన మన మంత్రిగారు, వర్షం వస్తే తలదాచుకోవడానికి ఆ మ్యూజియంలో దూరారు. బొమ్మ కింద ముత్యాలరేవు అన్న పేరు చూశారు. తన నియోజకవర్గం ఒకప్పుడు ఇంత శుభ్రంగా ఉండేదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. అక్కడికక్కడే కళ్లు చెమర్చాయి. నెల తిరక్కుండా అసలు సైజులో పటం నకలొకటి, దాంతోపాటు జీవో వచ్చాయి. జీవోలో ఉన్నవి మూడే వాక్యాలు.

"పటములో కనిపించునది తీరములో ఉండవలెను. పటములో కనిపించనిది తీరములో ఉండరాదు. పటమనగా సదరు మ్యూజియమునందు వేలాడుచున్న పటము."

నిజం చెప్పాలంటే పటం అందంగానే ఉంది. నీలం, ఆకుపచ్చ కలిసిన సముద్రం. మూడు స్తంభాల ఓడ ఒకటి. తెరచాప పడవలు ఏడు. మధ్యలో సుంకం మేడ. అది ఇప్పటికీ ఉంది, హేమసుందరంగారి ఆఫీసు అందులోనే. దాని పక్కనించి వరసగా తెల్లటి ఇళ్లు, దూరంగా పోయేకొద్దీ చిన్నవవుతూ, చివర ఒక కొండ. ముందు ఇసకలో కొద్దిమంది మనుషులు, ఒక ఆవు, రెండు కుక్కలు.

దాలినాయుడు మూడు రోజులు భూతద్దం పట్టుకుని పటం ముందు కూర్చున్నాడు. సుంకం మేడ పటంలో ఆరంగుళాలు, నేలమీద ముప్ఫయ్యారడుగులు. కాబట్టి అంగుళానికి ఆరడుగుల లెక్క. ఆ లెక్కన అన్నీ కాగితం మీద వేసుకుంటూ పోతే కొంతసేపటికి చెమటలు పట్టాయి. కాగితాలు పట్టుకుని ప్రత్యేకాధికారి దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, ఇప్పుడు పోస్టాఫీసున్న చోట పటంలో ఒక ఇల్లుంది. దాని గుమ్మం అరంగుళం. మన లెక్కన మూడడుగులొస్తోంది."

"రానివ్వండి."

"కొండ రెండంగుళాలు. అంటే పన్నెండడుగుల కొండ సార్."

"మంచిదే కదా. బడ్జెట్లో ఇమిడిపోతుంది."

"అది కాదు సార్. దూరంగా ఉన్నవి చిన్నగా కనిపిస్తాయి. నిజానికి అవి అంత చిన్నవి కావు."

హేమసుందరంగారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "దాలినాయుడుగారూ, జీవోలో 'కనిపించునది ఉండవలెను' అని ఉందా, 'కనిపించకపోయినా ఊహించునది ఉండవలెను' అని ఉందా? దూరం, దగ్గర అనేవి చూసేవాడి వ్యక్తిగత అభిప్రాయాలు. ప్రభుత్వానికి వ్యక్తిగత అభిప్రాయాలు ఉండవు."

"మరి ముందు వరసలో మనుషులు రెండంగుళాలున్నారు సార్. పన్నెండడుగుల మనుషులవుతారు."

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "మన పూర్వులు ఆజానుబాహులు," అన్నారు గర్వంగా. "ఇప్పటి అభ్యర్థులకి ఎత్తులో సడలింపు ఇద్దాం."

దాలినాయుడు కాగితాలు సర్దుకున్నాడు. కొలవమన్నారు, కొలిచాడు. సంతకం పెట్టమన్నారు, పెట్టాడు. కొలత తప్పు కాదు కదా అని తనకి తానే చెప్పుకున్నాడు.

శ్రావణం వచ్చేసరికి పనులు మొదలయ్యాయి. పటంలో లేవు కాబట్టి కరెంటు స్తంభాలు పీకేశారు. బస్సు షెల్టరు, మంచినీళ్ల కుళాయిలు, మరుగుదొడ్లు తీసేశారు. లైట్‌హౌసు పీకడానికి వీల్లేక దానికి ఆకాశం రంగు టార్పాలిను చుట్టి, పైన తెల్లరంగుతో ఒక మబ్బు వేశారు. పోస్టాఫీసు ఢిల్లీవాళ్లది, చెయ్యి వెయ్యడానికి లేదు. అందుకని దాని ముందు ఒక గోడ కట్టి, గోడకి మూడడుగుల గుమ్మం పెట్టారు. పెన్షను కోసం వచ్చే ముసలివాళ్లు మోకాళ్ల మీద లోపలికి వెళ్తుంటే పోస్టుమాస్టరు సోమయాజులుగారు, "నా సర్వీసులో ఈ ఆఫీసుకి ఇంత భక్తి ఎప్పుడూ చూళ్లేదండీ," అనేవారు.

ఒక అడుగు ముందుకేస్తే దాని వెనకే ఇంకొకటి వచ్చేది. పటంలో నీడలు పడమటికి పడుతున్నాయని దాలినాయుడు రిపోర్టులో ఒక మూల రాశాడు. మధ్యాహ్నం దాటితే నీడలు తూర్పుకి పడుతున్నాయనీ, ఇది జీవోకి స్పష్టమైన ఉల్లంఘన అనీ హేమసుందరంగారు గుర్తించారు. దాంతో పన్నెండు గంటలకల్లా రేవు మూసెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. పటంలో అలలు పదిహేడు. ఈ విషయమై సముద్రం ఎవరి శాఖ కిందికి వస్తుందో తెలుపవలసిందిగా రాజధానికి లేఖ రాశారు. జవాబు రావలసి ఉంది.

ఆ తరవాత మనుషుల వంతు వచ్చింది.

పటంలో మనుషులు ఇరవై ముగ్గురు. టోపీ దొరలు ముగ్గురు (వాళ్లలో పెద్ద టోపీవాడు ఎవరినో దీవిస్తున్నట్టు చెయ్యెత్తి ఉన్నాడు), మూటలు మోసేవాళ్లు పద్నాలుగు మంది, పల్లకీ బోయీలు నలుగురు, గొడుగు పట్టినవాడొకడు, తలమీద గంపతో ఆడమనిషి ఒకతె. కాబట్టి తీరంలో ఒక సమయంలో ఇరవై ముగ్గురికి మించి ఉండరాదు. ఇరవై మూడు పాసులు అచ్చయ్యాయి.

ముత్యాలరేవు ఒడ్డున పొద్దున్నే చేపలు వేలం పాడి, అమ్మి బతికే ఆడవాళ్లు అరవైముగ్గురు. అందరికీ పెద్దదిక్కు మైలపల్లి కొర్లమ్మ. యాభై ఏళ్లు దాటిన మనిషి. ఆమె గొంతు ఎత్తితే సముద్రమే వెనక్కి తగ్గుతుందని చెప్పుకుంటారు. ఒడ్డుకొచ్చిన పడవ చేపలకి ఆమె పాట పాడితే ధర నిలిచిపోవలసిందే. పాసుల సంగతి తెలిసిన రోజు ఆమె సరాసరి దాలినాయుడి బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో నోటీసు ఉంది.

"సర్వేరు బాబూ, ఈ సంతకం నీదేనా?"

"నాదే."

"ఏటి రాసినావు? సదవడం నాకు రాదు. నువ్వే సదువు."

దాలినాయుడు చదివాడు. "సదరు పటమునందు స్త్రీ ఒకతె మాత్రమే ఉన్నందున, మిగిలిన అరవైరెండు మంది స్త్రీలు అనధికారులుగా పరిగణించబడి..."

"ఆగాగు. అనధికారులంటే?"

"ఇక్కడ ఉండకూడదని."

"మాయమ్మ ఇక్కడే నన్ను కన్నాది బాబూ. ఆ వలలెండేసే చోట. నొప్పులొస్తే ఇంటికెల్లే టైము కూడా నేకపోయినాది. నానిక్కడ ఉండకూడదంటే మరెక్కడుండాలి?"

దాలినాయుడు నోటీసు మడిచాడు. బల్లమీదున్న పాసు ఆమె ముందుకి జరిపాడు. "ఒక్క పాసుంది కొర్లమ్మా. చీటీ తీస్తే నీ పేరే వచ్చింది. నువ్వు ఉండొచ్చు."

పాసు మీద 'స్త్రీ (గంపతో) – 1' అని ఉంది. కొర్లమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. "గంపలో సేపలుంటాయా?"

ఆ ప్రశ్న అతను అంతకుముందే పైకి పంపి జవాబు తెప్పించుకున్నాడు. కాగితం చూసి చదివాడు. "గంపలోనిది ఏమియో పటములో కనిపించుటలేదు. కావున గంపలో ఏమియు ఉండరాదు."

కొర్లమ్మ నవ్వలేదు, తిట్టలేదు. పాసు బల్లమీద పెట్టి, "ఒట్టి గంప మోసి నిలబడడానికి నాను బొమ్మని కాదు బాబూ," అని వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "నీ కొలతెప్పుడూ తప్పదంటారు గదా. ఆ బొమ్మలో మమ్మల్ని ఇంకోపాలి సూడు. మేం నేకుండా రేవెలాగుంటాది?" అంది.

మర్నాటి నుంచి పడవలన్నీ రెండు మైళ్ల అవతల పాత ఉప్పుకొఠారు దగ్గర ఒడ్డుకెక్కాయి. ఆడవాళ్లు అక్కడికే పోయారు. అక్కడ నీడ లేదు, నీళ్లు లేవు, రోడ్డు లేదు. కొనేవాళ్లు అంత దూరం రారు. గంపలు నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచి ఊళ్లోకొచ్చేసరికి చేపలు మెత్తబడిపోయేవి. ఖాళీగా ఉన్న 'స్త్రీ' పోస్టుకి జూనియర్ అసిస్టెంటు భానుమతిగారిని ఇన్‌ఛార్జిగా నియమించి, ఉన్న పనికి అదనంగా ఆ బాధ్యత అప్పగించారు. ఆవిడ పొద్దున్న పది నించి పన్నెండు దాకా ఇసకలో గంప పట్టుకుని నిలబడి, అందులో ఫైళ్లు చూసుకునేవారు.

దాలినాయుడి ఇంట్లో చేపల కూర మానేశారు. దొరక్క కాదు. తినలేక. కొర్లమ్మ మాట చెవిలో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఒక ఆదివారం ఆఫీసు తాళం తీయించుకుని, పటం గోడ మీంచి దింపి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని భూతద్దంతో చూశాడు. గంపమ్మ పక్కన, ఇసకలో, ఇరవై అంగుళాల పొడుగున మట్టిరంగు మరకలాంటిది ఉంది. ఇదివరకు దాన్ని 'ఇసక' అని రాసేశాడు. ఇప్పుడు చూస్తే మిగిలిన ఇసక ఒక రంగు, ఇది ఇంకో రంగు. ఎవరో తరవాత పూసినట్టుంది. అంచున చిన్న గీత కూడా కనిపించింది. చీరకొంగు కావచ్చు. కుక్కతోక కూడా కావచ్చు.

సోమవారం ఆ మాట హేమసుందరంగారితో చెప్పాడు.

"మరక," అన్నారు ఆయన.

"మనుషులు కావచ్చు సార్."

"మనుషులైతే మనుషుల్లా కనిపించాలి. మరకలా కనిపించేది మరక. అనుమానాలకి పాసులివ్వలేం దాలినాయుడుగారూ. మంత్రిగారు ప్రారంభోత్సవానికి కార్తీకంలో వస్తున్నారు. మీరు కొండ సంగతి చూడండి."

కొండ సంగతి చూశాడు. పోస్టాఫీసు వెనకాల అరవై లారీల కంకర పోసి, పన్నెండడుగుల కొండ కట్టించాడు. శిఖరాగ్రం మీద కొలత తీసి సర్టిఫికెట్టు ఇచ్చాడు. దిగొచ్చాక ఇంటికి వెళ్లకుండా ఒక తెల్లకాగితం తీసుకుని కూర్చున్నాడు.

సర్వే రూల్సులో ఒకటుంది. హద్దులో సందేహం వస్తే సర్వేయరు పక్క భూమి హక్కుదారుకి రాసి వివరం అడగాలి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. పటానికి హక్కుదారు మ్యూజియం. దాలినాయుడు తన సర్వీసులో నేర్చుకున్న భాషలోనే, తనకొచ్చిన ఇంగ్లీషులో రాశాడు. 'అయ్యా, తమ ఆధీనములోని పటమునందు ఎడమ అంచు నుంచి పంతొమ్మిది అంగుళముల దూరమున, ఇరవై అంగుళముల పొడుగు, ఆరంగుళముల ఎత్తు గల ఒక ప్రదేశము కలదు. అది ఇసకయో, మరకయో, ఆడవారో తెలుపగలరు. ఇచ్చట అరవైముగ్గురి జీవనోపాధి దానిపై ఆధారపడి ఉన్నది.'

ఆ ఉత్తరం రిజిస్టరు చేయించడానికి పోస్టాఫీసు గుమ్మం ముందు మోకాళ్ల మీద పడ్డాడు. ఆ గుమ్మం ఎత్తు తన చేత్తో రాసిందే. లోపలికి పాకుతుంటే నడుము పట్టేసింది. సోమయాజులుగారు చెయ్యందించి లేవదీసి, "సంతకం మీదే అని విన్నాను," అన్నారు. ఎత్తిపొడుపు కాదు, ఊరికే అన్నారు. అయినా దాలినాయుడి ముఖం ఎర్రబడింది.

రెండు నెలలు జవాబు లేదు. ఈలోపు ప్లైవుడ్డు ఓడ తయారైంది. పటంలో మబ్బున్న చోట ఆకాశంలో మబ్బు లేకపోతే గుడ్డ మబ్బులు కట్టారు. ప్రారంభోత్సవానికి ఇంకా పద్దెనిమిది రోజులుందనగా పార్సిలు వచ్చింది. పెద్ద అట్టగొట్టం. మీద 'శ్రీ దాలినాయుడు, సర్వేయరు' అని ఉంది.

లోపల ఒక ఉత్తరం, చుట్టిన ఫోటో ఉన్నాయి. ఉత్తరం మ్యూజియంలో పటాలు బాగుచేసే ఒక పెద్దావిడ రాసింది. మీ ప్రశ్న మమ్మల్ని సిగ్గుపడేలా చేసింది అని మొదలెట్టింది. ఆ మరకని తాము నూట యాభై ఏళ్లుగా రోజూ చూస్తున్నా ఎవరూ అడగలేదట. పటాన్ని దింపి యంత్రాల కింద పెట్టి చూస్తే, ఎప్పుడో ఒక షావుకారు తన భోజనాల గదిలో పెట్టుకోడానికి ఈ పటం కొని, ఇసకలో ఉన్న గందరగోళమంతా తన అతిథులకి బాగుండదని, పైన మట్టిరంగు వేయించాడని తేలిందట. ఇప్పుడు ఆ పూత తీసేశారు. దాంతోపాటు మూల ఉన్న కొండ కూడా పోయింది. అది కొండ కాదు, పాత వార్నిషు పేరుకున్న మచ్చ. 'శుభ్రపరచిన పటము ఈ నెల ఒకటవ తేదీ నుంచి గోడపై వేలాడుచున్నది. మీ మంత్రిగారికి కూడా ఒక నకలు పంపితిమి.'

దాలినాయుడు ఫోటో విప్పి నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టాడు. చూశాడు. భూతద్దం తీశాడు. మళ్లీ చూశాడు. తరవాత ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ వినని శబ్దం ఒకటి వినిపించింది. అతను నవ్వుతున్నాడు.

హేమసుందరంగారు నవ్వలేదు. "పాత పటమే మనకు ప్రమాణం," అన్నారు.

"జీవోలో 'మ్యూజియమునందు వేలాడుచున్న పటము' అని ఉంది సార్. ఇప్పుడు వేలాడుతున్నది ఇదే."

"దీన్ని గుర్తించాలంటే కమిటీ వెయ్యాలి."

అప్పుడే ఫోను మోగింది. మాట్లాడింది మంత్రిగారు. కొత్త పటం చూసి ఆయనకి మళ్లీ కళ్లు చెమర్చాయి. పాతదాంట్లో జనం లేరు, ఇందులో ఉన్నారు. జనం లేని సభ ఆయనకి మొదటినించీ నచ్చదు. ఆహ్వానపత్రిక మీద కొత్త పటమే అచ్చువేయమన్నారు, అదే ప్రకారం రేవంతా సిద్ధంగా ఉండాలన్నారు. హేమసుందరంగారు ఫోను పెట్టేసి, "ఎంతమంది కావాలి?" అని నీరసంగా అడిగారు.

"ఆడవాళ్లు డెబ్భైయొక్కరు. గంపలు డెబ్భై. అన్నిట్లోనూ చేపలు కనిపిస్తున్నాయి సార్. కొండ తీసెయ్యాలి."

"గంపొకటి తగ్గిందేం?"

"ఒకావిడ చేతులు ఖాళీగా లేవు. తమరే చూడండి."

ఆయన చూశారు. చాలాసేపు చూశారు.

మర్నాడు ఇద్దరూ జీపులో ఉప్పుకొఠారుకి బయలుదేరారు. రోడ్డు లేనిచోట జీపు ఇసకలో కూరుకుపోతే దిగి నడిచారు. ఎండ మాడుస్తోంది. నాలుగు తాటాకు పందిళ్లు, వాటి కింద చేపల కుప్పలు, పాట. వీళ్లని చూసి పాట ఆగింది.

హేమసుందరంగారు గొంతు సవరించుకున్నారు. "సోదరీమణులారా! తీరవాసుల సాంప్రదాయిక భాగస్వామ్యాన్ని పునరుద్ధరించే దిశగా ప్రభుత్వం సానుకూలంగా..."

కొర్లమ్మ దాలినాయుడి వైపు తిరిగింది. "ఏటంటన్నాడు?"

"వెనక్కి రమ్మంటున్నారు."

"పొమ్మన్నప్పుడు కాయితం పంపినారు. రమ్మనడానికి కాళ్లతో వొచ్చినారే! మేం రాం. ఈ పందిర్లేసుకున్నాం, ఈ ఎండకి అలవాటుపడిపోనాం. రేపు బొమ్మ మారిపోనాదని మళ్లీ పొమ్మంటారు."

అది నిజమే కాబట్టి దాలినాయుడు కాదనలేదు. చంకలోని అట్టగొట్టం తీసి, ఫోటోని తడి ఇసక మీద పరిచాడు. "నువ్వు చూడమన్నావు కదా. చూశాను. నేను రాసింది తప్పు కొర్లమ్మా. మీరందరూ ఉన్నారు. ఎవరో మీ మీద రంగు పూసేశారు."

ఆడవాళ్లందరూ చుట్టూ మూగారు.  పటంలో రేవు నిండా ఆడవాళ్లు. కచ్చలు బిగించి, గంపలు దించుకుని, కొందరు కూర్చుని, కొందరు చేతులు తిప్పుతూ. ఒక కుక్క చేపని నోట కరుచుకుని పారిపోతోంది. ఒక ముసల్ది దాని వెనక రాయెత్తింది. "ఓలమ్మా, ఈ సూపు సూడే, అచ్చం మన ఎర్రమ్మలాగ నేదా!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఎర్రమ్మ మాత్రం కళ్లు తుడుచుకుంది.

కొర్లమ్మ వేలు పటం మధ్యలో ఆగింది. అక్కడ పెద్ద టోపీ పెట్టుకున్న దొర ఒకడు చెయ్యి పైకెత్తి ఉన్నాడు. ఇన్నాళ్లూ ఆ చెయ్యి ఎవరినో ఆశీర్వదిస్తోందని అంతా అనుకున్నారు. కాదు. ఒక చేపలమ్మ ఎడంచేత్తో అతని చొక్కా గల్లా గుప్పెటపట్టి, కుడిచెయ్యి మొహం మీదికి చూపిస్తూ అరుస్తోంది. దొర మునివేళ్ల మీద నిలబడ్డాడు.

"ఈడెవుడు?"

"సుంకం వసూలుచేసే పెద్దాఫీసరు."

"ఈయమ్మ?"

"పేరు తెలీదు."

"ఎందుకు పట్టుకున్నాదంట?"

"అది పటంలో రాయలేదు."

"రాయక్కర్నేదులే," అంది కొర్లమ్మ.

ఆమె లేచి చీర దులుపుకుంది. చాలాసేపటికి మొదటిసారి హేమసుందరంగారి మొహం నేరుగా చూసింది. "బాబూ, బొమ్మలో ఎలాగుంటే రేవులో అలాగే ఉండాలంటారు గదా. రోజూనా?"

"ప్రతిదినం, ఉదయం వేళ," అన్నారాయన, ఇంకేమీ తోచక.

"అంతా ఉన్నదున్నట్టేనా?"

జవాబు దాలినాయుడు చెప్పాడు. "అంగుళం తేడా లేకుండా."

"అయితే వొత్తాం," అంది కొర్లమ్మ. "నీడకి షెడ్డు, కుళాయి మాత్రం మళ్లీ పెట్టించాల. బొమ్మలో నేవంటే బొమ్మలోనే మీకు సెప్పేవాళ్లు కూడా ఉన్నారు."

ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు ఒక సున్నితమైన సమస్య ఫైలుకెక్కింది. పటంలోని పెద్ద టోపీ దొర స్థానంలో ఎవరుండాలి? మొదట ఒక అటెండరుని పెడదామన్నారు హేమసుందరంగారు. అటెండరు సెలవు పెట్టాడు. తరవాత దాలినాయుడినే ఉండమన్నారు. దాలినాయుడు వినయంగా ఒక నోటు పెట్టాడు. 'టోపీ ఎత్తు, చొక్కా బొత్తాముల సంఖ్యను బట్టి సదరు వ్యక్తి తీరము మొత్తముపై సర్వాధికారములు కలవాడని మ్యూజియం వారు ధ్రువీకరించిరి. సర్వేయరు ఆ హోదాకి తగడు. ప్రస్తుతము తీరము మొత్తముపై సర్వాధికారములు కలవారు ఒక్కరే.' నోటు రాజధానికి వెళ్లింది. సముద్రం ఎవరి శాఖో నాలుగు నెలలుగా తేల్చని రాజధాని దీన్ని నాలుగు గంటల్లో తేల్చింది. ఒక్కమాటలో, 'ఆమోదించడమైనది.'

కార్తీక సోమవారం పొద్దున్న ఏడున్నరకి మంత్రిగారు వచ్చారు. రేవు నిండా జనం, కేకలు, చేపల వాసన. పటం లెక్కకి తగ్గిన ఎనిమిదిమందీ కూతుళ్లలోంచి, కోడళ్లలోంచి వచ్చారు. పడవలు ఒడ్డుకెక్కి ఉన్నాయి. కుక్కలు ఎవరి ఉత్తర్వూ లేకుండానే తమ పని తాము చేసుకుంటున్నాయి. మంత్రిగారి కళ్లు మళ్లీ చెమర్చాయి. ఆయన వేదిక మీద కూర్చుని, ఒళ్లో ఫోటో పెట్టుకుని, పటాన్నీ తీరాన్నీ పోల్చి చూసుకుంటున్నారు.

ఇసక మధ్యలో హేమసుందరంగారు పెద్ద టోపీ పెట్టుకుని నిలబడ్డారు. కొర్లమ్మ ఎదురుగా వచ్చి ఆగింది. చేతికంటిన పొలుసులు కొంగుకి తుడుచుకుంది. "ఏటీ అనుకోకు బాబూ," అని మర్యాదగా చెప్పి, ఎడంచేత్తో ఆయన గల్లా పట్టుకుంది.

దాలినాయుడు టేపు పట్టుకుని దగ్గరికి వచ్చాడు. గుప్పెటకీ గడ్డానికీ మధ్య దూరం కొలిచి, ఫోటో చూశాడు.

"సరిపోయిందా?" అన్నారు హేమసుందరంగారు, పట్టేసిన గొంతుతో.

"లేదు సార్. పటంలో తమరి మడమలు నేలకి ఆనడం లేదు. కొర్లమ్మా, ఇంకో రెండంగుళాలు పైకి."